ఒకే కంప్యూటరు నుంచి నాలుగు టెండర్లు

మా నాన్న బతుకులో ఒకే ఒక్కసారి టెండరు వేశాడు. దాన్ని పంపింది నేను. రెండేళ్ల కిందటి ఎండాకాలం మాట ఇది. మా ఇంట్లో ఇప్పటికీ ఆ ఎండాకాలం ఊసెత్తరు.

నాన్న పేరు అప్పలకొండ. విజయనగరం పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే రాష్ట్రం దాటి, ఇనుప గనులున్న బచేలి వచ్చాడు. గనుల కంపెనీలో పనికి ఎక్కినవాళ్లకు క్వార్టర్లు, బడి, ఆసుపత్రి దొరికాయి. నాన్నకు స్టీరింగు దొరికింది. రాజ్‌కుమార్ అనే కాంట్రాక్టరు దగ్గర తొమ్మిదేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపాడు. తర్వాత ఒక పాత ట్యాంకరు కొనుక్కుని, అదే రాజ్‌కుమార్ కింద ట్రిప్పుకింతని తిప్పేవాడు.

క్వార్టర్లలో కుళాయిలున్నాయి. క్వార్టర్లు దాటి, బజారు దాటి పోతే కొండ వాలున దినకూలీల క్యాంపు ఉంది. దానికంతటికీ ఉన్నది ఒక్క బోరు. హోలీ నాటికే అందులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అక్కడినుంచి వానలు పడేదాకా మూడొందల కుటుంబాలకు ట్యాంకరు నీళ్లే దిక్కు. ఆ నీళ్ల పనికి జగదల్‌పూర్‌లోని ఒక ఆఫీసు ఏటా టెండరు పిలుస్తుంది. ఏటా అది రాజ్‌కుమార్‌కే వచ్చేది.

ఎలా వచ్చేదో నాకు తెలుసు. బస్టాండు ఎదుట వెంకన్న ఆన్‌లైన్ దుకాణంలో నేను పనిచేసేదాన్ని. వెంకన్నది భద్రాచలం వైపు. నన్ను చెల్లెలిలాగే చూసేవాడు, జీతం ఒకటో తారీఖుకే ఇచ్చేవాడు. దుకాణంలో కరెంటు బిల్లులు, పరీక్ష ఫారాలు, కుల ధ్రువపత్రాలు, వాటితోపాటు టెండర్లు. ఇప్పుడు టెండరు కవరులో పెట్టి ఇచ్చేది కాదు. కాంట్రాక్టరుకు పెన్‌డ్రైవు లాంటి తాళం ఒకటి ఉంటుంది. దాన్ని కంప్యూటరుకు గుచ్చి మీట నొక్కితే అతను సంతకం పెట్టినట్టే. రాజ్‌కుమార్ తాళం మా సొరుగులోనే ఉండేది. అతని బావమరిది తాళమూ అక్కడే. వెంకన్న పేరున కాగితాల మీద ఒక సంస్థ ఉంది, దాని తాళమూ అక్కడే. టెండరు రాగానే రాజ్‌కుమార్ ఒక చీటీ పంపేవాడు. అందులో మూడు పేర్లు, వాటి ఎదుట మూడు రేట్లు. అతనిది తక్కువ, మిగతా రెండూ కాస్త ఎక్కువ. ముగ్గురు పోటీ పడ్డట్టు కనిపించాలి కదా. ఆ మూడూ నేనే ఎక్కించేదాన్ని. మొదటి ఏడాది అది తప్పని నాకు తట్టలేదు. రెండో ఏడాది తట్టింది గానీ, అప్పటికి చెయ్యి అలవాటుపడిపోయింది.

ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం నాన్న క్యాంపు నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలపకుండా అలాగే ఉండిపోయాడు. అమ్మ రెండుమూడు సార్లు అడిగాక చెప్పాడు. క్యాంపులో ట్రిప్పుల పుస్తకం ఒకటి ఉంటుంది. రోజూ వచ్చేవి ఆరు ట్యాంకర్లు, పుస్తకంలో పదిహేను రాసి డ్రైవర్లు సంతకం పెట్టాలి. ఆ రోజు లక్కే అనే ఆవిడ ఆ పుస్తకం చూసింది. అంగన్‌వాడీలో వంట చేస్తుంది లక్కే. చదువు రాదు గానీ బియ్యం లెక్కలతో అంకెలు పట్టుబడ్డాయి. గోండీ, హిందీ, మన తెలుగు మూడూ కలిపి మాట్లాడుతుంది. ఆవిడ అరవలేదట, తిట్టలేదట. నాన్న ఆ మాట మాకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పదేను రాసినవ్. ఆరే వచ్చినయ్. తొమ్మిది ఎవరు తాగిండ్రు?"

వెనక అరవైమంది ఆడవాళ్లు బిందెలతో నిలబడి వింటున్నారట. నాన్న బండెక్కి వచ్చేశాడు.

"ఈ ఏడు టెండరు నానేస్తాను," అన్నాడు అన్నం కలుపుతూ.

అమ్మ ఒప్పుకోలేదు. రాజ్‌కుమార్‌తో గొడవ ఎందుకంది, ఉన్న ట్రిప్పులు కూడా పోతాయంది. నాన్న గొంతు పెంచలేదు. పదిరోజులపాటు సాయంత్రం పూట చెబుతూనే ఉన్నాడు. డీజిలుకు ఎంత, నీళ్లకు ఎంత, టైర్లు ఎన్నాళ్లు వస్తాయి, పదిహేను ట్రిప్పులు నిజంగా తోలితే ఎంత మిగులుతుంది. మూడు బండ్లు ఉండాలని షరతు. మన బండి కాక రెండు ట్రాక్టరు ట్యాంకర్లు అద్దెకు మాట్లాడుకొచ్చాడు. చివరకు డిపాజిట్టుకని అమ్మే చీటీ పాడింది. ఆ చీటీ నా పెళ్లికని కడుతున్నది. అమ్మ ఆ మాట అనలేదు, నేనూ అనలేదు.

ట్రిప్పుకు ఐదొందల నలభై అని నాన్న తేల్చాడు. రాజ్‌కుమార్ ఆ ఏడు ఎంత వేస్తాడో చీటీ వస్తే నాకు తెలిసిపోతుంది. నాన్నకు ఆ సంగతి తెలుసు. ఒక్కసారీ నన్ను అడగలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆల్ల రేటు మనకెందుకమ్మా. మన లెక్క మనకుంది."

టెండరు జగదల్‌పూర్ వెళ్లి వేద్దామన్నాడు నాన్న. వద్దన్నది నేను. పోను రాను రోజంతా పడుతుంది, నాన్న పేరున కొత్తగా తీసుకున్న తాళం అక్కడ ఎవరి చేతికో ఇవ్వాలి, రేటు బయటికి పొక్కొచ్చు. నేనున్నాను కదా, వెంకన్న అన్నానికి వెళ్లినప్పుడు నేనే ఎక్కించేస్తాను, ఎవరికీ తెలియదు. అలా అన్నాను. చాలా తెలివిగా ఆలోచించానని కూడా అనుకున్నాను.

ఆఖరి రోజు పొద్దున రాజ్‌కుమార్ చీటీ వచ్చింది. ఏడొందల ఎనభై, ఎనిమిదొందల పదిహేను, ఎనిమిదొందల నలభై. ఎందుకో ఆ చీటీని ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాను. పదకొండున్నరకు ఆ మూడూ ఎక్కించాను. ఒంటిగంటకు వెంకన్న ఇంటికెళ్లాడు. రెండు కాకముందే అదే కుర్చీలో కూర్చుని, అదే కంప్యూటరుకు నాన్న తాళం గుచ్చాను. పంపే మీట నొక్కేటప్పుడు చెయ్యి వణికింది. అది సంతోషంతోనే.

రేట్లు తెరిచిన రోజు ఫలితం దుకాణంలోనే చూశాం. నాలుగు పేర్లలో నాన్న పేరు అన్నిటికన్నా పైన ఉంది. వెంకన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏంది తులసీ ఇది? ఏడకెల్లి ఏసినవ్?"

"ఇక్కడినుంచే అన్నా."

అతను కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కుర్చీలో కూలబడి చాలాసేపు ఆ తెర వంకే చూశాడు. నాకు చెప్పకపోతివి, చెప్తే నేనే బస్సుచార్జీ ఇచ్చి జగదల్‌పూర్ తోలేవాడినన్నాడు. ఎందుకలా అన్నాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

సాయంత్రం రాజ్‌కుమార్ మా ఇంటికొచ్చాడు. నేను భయపడ్డట్టు మనుషుల్ని వేసుకుని రాలేదు. ఒక్కడే మోటారుసైకిలు మీద వచ్చి, చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చున్నాడు. మా అమ్మ ఇచ్చిన టీ తాగాడు. హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. నాన్నను చాచా అనేవాడు. చాచా ఇంతవాడు అయ్యాడంటే తనకే సంతోషమన్నాడు. కానీ ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు, పైవాళ్లున్నారు, కిందివాళ్లున్నారు, అందరినీ చూసుకోవాలి, ఐదొందల నలభైలో ఎవరిని చూసుకుంటావన్నాడు. టెండరు వెనక్కి తీసుకుంటున్నానని ఒక కాగితం రాసిమ్మన్నాడు. పోయే డిపాజిట్టు తాను ఇస్తానన్నాడు, పైన రోజుకు నాలుగు ట్రిప్పులు ఖాయం చేస్తానన్నాడు.

నాన్న తన వచ్చీరాని హిందీలో, పదిహేను తోలతానని రాశాను, పదిహేనూ తోలతాను అన్నాడు.

రాజ్‌కుమార్ ఖాళీ గ్లాసు అమ్మకు అందించి లేచాడు. గుమ్మం దగ్గర నా వైపు తిరిగి, దుకాణంలో పని బాగుందా బేటీ అని అడిగాడు. బాగుందన్నాను.

పన్నెండో రోజున నోటీసు వచ్చింది. నాలుగు టెండర్లూ ఒకే కంప్యూటరు నుంచి, మూడు గంటల తేడాలో వచ్చాయని, టెండరుదారులంతా కుమ్మక్కయ్యారని ఫిర్యాదు అందిందని, ఆఫీసు రికార్డు చూస్తే అది నిజమని తేలిందని, సంజాయిషీకి రమ్మని. ఏ కంప్యూటరు నుంచి వచ్చిందో దాని నంబరు ఆఫీసులో పడుతుందట. ఏళ్లుగా పడుతూనే ఉంది. ఫలానా చోట చూడండి అని ఎవరైనా చెబితే తప్ప ఎవరూ చూడరు. ఈసారి చెప్పారు.

"ఎవరు చెప్పారన్నా?" అని వెంకన్నను అడిగాను.

"ఇంకెవరు. ఆయనే."

"ఆయనవీ మూడు పోతాయి కదా."

"పోతే ఏమాయె. మూడు పేర్లు పోతయ్, ఇంకో మూడు పుట్టిస్తడు. మీ నాయనకు ఇంకో పేరు ఏడికెల్లి వస్తది?"

అతని పేరు మీది సంస్థ కూడా ఆ మూడింట్లో ఉంది. అయినా వెంకన్న ముఖంలో దాని గురించి బెంగేమీ లేదు. బెంగంతా నన్ను చూసే. అది చూసి నాకు భయం పట్టుకుంది.

జగదల్‌పూర్‌కు నాన్నా నేనూ తొలి బస్సుకు వెళ్లాం. నాన్న తెల్లచొక్కా వేసుకున్నాడు. దంతేవాడ దాటాక నేను నా మనసులో ఉన్నది చెప్పాను. నా ఫోనులో చీటీ ఫోటో ఉంది, మూడు రేట్లూ రాజ్‌కుమార్ చేతిరాతే, అది చూపిస్తాను, ఆ మూడూ ఒకటి, మనది వేరు అని చెబుతాను.

నాన్న కిటికీ లోంచి బయటికి చూస్తూ విన్నాడు.

"ఆ మూడూ ఎక్కించినది ఎవులని అడుగుతారు కదమ్మా," అన్నాడు.

చేతిలోని ఫోను సంచీలో పెట్టేశాను.

"తెలిసే ఎక్కించినావా అని అడుగుతారు. ఏటి సెప్తావు?"

తెలిసే ఎక్కించాను. రెండేళ్లు ఎక్కించాను. ఇంక బస్సులో ఆ మాట రాలేదు.

ఆఫీసులో ఆ అధికారి చెడ్డవాడేమీ కాదు. యాభై దాటిన మనిషి. ఎండన పడి వచ్చామని ముందు మంచినీళ్లు ఇప్పించాడు. గదిలో రాజ్‌కుమార్ బావమరిది ఉన్నాడు, వెంకన్న ఉన్నాడు. రాజ్‌కుమార్ రాలేదు, వకీలును పంపాడు. అధికారి ఒక కాగితం తిప్పి మాకు చూపించాడు. నాలుగు వరుసలు, నాలుగింటి ఎదుటా ఒకే అంకెలు. ఇవి ఎవరు ఎక్కించారని అడిగాడు. దుకాణంలో మనిషి ఒకరే కూర్చుని నాలుగూ ఎక్కించి ఉంటే అది వేరే సంగతి, అప్పుడు పోలీసులకు రాయాల్సి వస్తుంది, ఆ మనిషే మొదటి ముద్దాయి అన్నాడు. అది బెదిరింపులా లేదు. రూలు చదివినట్టే చెప్పాడు.

వెంకన్న నేల చూస్తున్నాడు. నా చెయ్యి సంచీలో ఫోను మీద ఉంది. తీయాలనుకున్నాను. నిజంగానే తీయాలనుకున్నాను. కానీ వేళ్లు కదల్లేదు. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు అని చెప్పుకుంటే బాగుంటుంది. పట్టుకోలేదు. ఆయన నా వంక చూడను కూడా లేదు.

"నాది నానే నొక్కినాను సార్," అన్నాడు తెలుగులోనే. తర్వాత హిందీలో తడుముకుంటూ అదే చెప్పాడు.

అధికారి నాన్న చేతుల వైపు చూశాడు. కంప్యూటరు వచ్చా అని అడిగాడు. కొంచెం వచ్చన్నాడు నాన్న. ఈ అమ్మాయి ఎవరని అడిగాడు. మా అమ్మాయే, నాకు హిందీ చదవడం రాదని తోడు తెచ్చుకున్నానన్నాడు. మరి వాళ్లు వేసిన చోటే, వాళ్లు వేసిన పూటే ఎందుకు వేశావని అడిగితే, మా ఊళ్లో టెండర్లు వేసే దుకాణం అదొక్కటే అన్నాడు. ఆ రోజు నాన్న చెప్పినవాటిలో అది ఒక్కటే పూర్తిగా నిజం. అధికారి దాన్ని రాసుకోలేదు.

మిగిలిన ఇద్దరూ, ఎవరిది వాళ్లే నొక్కామని చెప్పారు, రాజ్‌కుమార్‌ది అతనే నొక్కాడని వకీలు చెప్పాడు. ఎవరూ నా పేరెత్తలేదు.

గంట తర్వాత టైపు చేసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నాన్న దాన్ని నాకిచ్చి చదవమన్నాడు. హిందీలో ఉన్నదాన్ని మెల్లగా తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఫలానా తేదీన ఫలానా దుకాణంలో మిగిలిన టెండరుదారులతో కలిసి నేను కూడా నా టెండరు దాఖలు చేశాను.

"నాన్నా, 'కలిసి' అని ఉంది."

"ఉండనీ."

"అంటే వాళ్లతో మాట్లాడుకుని వేసినట్టు."

"సదివేసినావు కదా. పెన్నియ్యి."

తెలుగులో సంతకం పెట్టాడు. అప్పలకొండ అని పూర్తిగా, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా. బస్టాండులో నాన్న నాకు చెరుకురసం ఇప్పించాడు, తాను తాగలేదు.

మే మొదటివారంలో ఆర్డరు వచ్చింది. టెండరు రద్దు. నలుగురికీ డిపాజిట్లు జప్తు, మూడేళ్లు ఏ టెండరూ వేయకూడదు. మళ్లీ పిలవడానికి నెలన్నర పడుతుంది, ఎండలు ముదిరాయి, క్యాంపుకు నీళ్లు ఆపకూడదు. కాబట్టి పాత ఏర్పాటే వానలు పడేదాకా కొనసాగించాలని అదే ఆర్డరులో కింద ఇంకో పేరా ఉంది. పాత ఏర్పాటు అంటే రాజ్‌కుమార్, పాత రేటు.

నాన్న ఆ కాగితం మడిచి గూట్లో పెట్టాడు. మర్నాటి నుంచి తన బండి తానే నింపుకుని క్యాంపుకు ఊరికే తోలడం మొదలుపెట్టాడు. రోజుకు రెండు ట్రిప్పులు. పుస్తకం అడగలేదు, సంతకం పెట్టలేదు. డీజిలు ఎక్కడి నుంచి తెస్తున్నావని అమ్మ అడగలేదు. తొమ్మిదో రోజున బోరు యజమాని, నీకు నీళ్లివ్వొద్దని మాటొచ్చింది అప్పలకొండా, ఏమనుకోకు అని మోటారు కట్టేశాడు. ఇంకో రెండు బోర్ల దగ్గరా అంతే అయ్యింది. ఖాళీ ట్యాంకరుతో క్యాంపు దాకా వెళ్లి, నీళ్లు దొరకలేదని లక్కేకు చెప్పి వచ్చాడట. వాళ్లకు ముందే తెలిసిపోయిందట, ఆవిడే నాన్నను నీడన కూర్చోబెట్టి అంబలి ఇచ్చిందట. ఆ తర్వాత, రాజ్‌కుమార్ ట్యాంకర్లు తెచ్చే నీళ్లు చాలక, క్యాంపులో ఆడవాళ్లు కొండ వెనక చెలమలకు నడవడం మొదలుపెట్టారు. జూన్ వచ్చేసరికి అక్కడ చాలామంది పిల్లలకు కళ్లు పచ్చబడ్డాయి. లక్కే చెల్లెలి కూతురు ఆసుపత్రిలో పదకొండు రోజులుండి బతికి బయటపడింది. నేను చూడటానికి వెళ్లాను. లక్కే నన్ను పక్కన కూర్చోమంది, మీ నాయన బాగున్నాడా అని అడిగింది. ఆ అడగడంలో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

వానలు ఆలస్యంగా, జూన్ ఆఖరున పడ్డాయి. చీటీ కంతులు ఉన్నాయి. పని లేని బండిని ఎండకీ వానకీ వదిలేస్తే తుప్పు పడుతుందని నాన్న అమ్మేశాడు. మధ్యవర్తి కొన్నాడు. వారం తిరగకుండానే దాని మీద కొత్త రంగు, రాజ్‌కుమార్ బావమరిది భార్య పేరు. అప్పుడు రాజ్‌కుమార్ మళ్లీ మా ఇంటికి వచ్చాడు. మళ్లీ చెప్పులు బయటే విడిచాడు. బండి చాచా చెయ్యి మీద నడిచింది, ఇంకొకడి మాట వినదు, నెల జీతం ఇస్తాను రమ్మన్నాడు. అమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయి, ఎంతసేపటికీ బయటికి రాలేదు. నాన్న వస్తానన్నాడు.

నేనేమైనా దుకాణం మానేశానా అంటే మానలేదు. అమ్మ మానెయ్యమంది, నాన్న ఏమీ అనలేదు, ఇంట్లోకి వచ్చే జీతాల్లో అది ఒకటి.

సెప్టెంబరులో ఇంకో టెండరు వచ్చింది. బడి వసతిగృహాలకు వంటచెరకు. అందులో రాజ్‌కుమార్ పేరు ఎక్కడా లేదు. మూడు కొత్త సంస్థలు, మూడు కొత్త తాళాలు. వెంకన్న సొరుగులోంచి మూడు సెల్‌ఫోన్లు తీసి నా ముందు పెట్టాడు. ఒక్కోదానిలో ఒక్కో కంపెనీ సిమ్ము, నెట్టు వాటినుంచే. ఇకమీదట దుకాణం కంప్యూటరు ముట్టొద్దని చెప్పాడు. అతనే మూడు ల్యాప్‌టాపులు కూడా కొన్నాడు. ఒకటి ఇక్కడినుంచి వెయ్యాలి, ఒకటి కిరండూల్ వెళ్లి అక్కడినుంచి, ఒకటి మర్నాడు దంతేవాడ నుంచి. ఎవరు చూసినా మూడు ఊళ్ల మనుషులు పోటీ పడ్డట్టే ఉంటుంది.

"ఆ ఆర్డరు వచ్చినంక మనకు గిట్ల తెలివొచ్చింది," అన్నాడు. అని, నా ముఖం చూసి, తల దించుకున్నాడు.

రెండు రోజుల్లో మూడూ వేశాను. చెయ్యి వణకలేదు.

మర్నాడు ఆదివారం. నాన్న పెరట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం నేను పట్టుకున్నాను. రెండు రోజులూ ఆ ఊరూ ఈ ఊరూ ఎందుకు తిరిగావని అడిగాడు. టెండరు పని అన్నాను. ఎన్ని అని అడిగాడు. మూడు అన్నాను. ఎవరివి అని అడుగుతాడని చూశాను. అడగలేదు. మెడ కింద నురుగు బ్లేడుతో మెల్లగా తీసుకుంటూ, లోపల అమ్మకు వినపడకుండా అన్నాడు.

"నీ పేరు ఎక్కడా పడకుండా సూసుకోమ్మా."